సుగ్గికి పోయినను ఓటు పల్లెలోనే

సంక్రాంతి వెళ్ళినదనిన సి.బెళగల్ ప్రాంతపు పల్లెలలో కొన్ని ఇండ్లకు తాళములు పడును. జొన్న, కొర్ర కోతలు ముగిసి, ప్రత్తి తీతలు సన్నగిల్లిన పిమ్మట మెట్ట పొలములలో పని యుండదు. తుంగభద్ర ఒడ్డున మోటారు గల రైతులకు వరి, ఉల్లి, మిరప పనులుండును గాని అందరకును ఆ వసతి లేదు. అందుచే కూలివారును, రెండు మూడెకరముల చిన్న రైతులును మూటముల్లె కట్టుకొని, పసిపిల్లలను వెంటబెట్టుకొని, మిరపకాయ కోతకు గుంటూరు వైపు పోవుదురు. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో దీనిని "సుగ్గికి పోవుట" అందురు. ఇంటికి కావలి ముసలివారు మిగులుదురు. ఉగాదికో, ఆ తరువాతనో మరల ఊరు నిండును.

2021 ఫిబ్రవరి 9, 13, 17, 21 తేదీలలో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ పంచాయతీల ఎన్నికలు నాలుగు విడతలుగా జరిగినవి. అవి సరిగా సుగ్గి దినములు. పోలింగు ఉదయము 6.30 గంటలకు మొదలై మధ్యాహ్నము 3.30కు ముగిసినది. 4 గంటలకు లెక్కింపు ప్రారంభమై చాల గ్రామములలో ఆ రాత్రికే సర్పంచి ఎవరో తేలిపోయినది. అనగా తొమ్మిది గంటలలో అయిదేండ్ల పాలన నిర్ణయమైనది. ఆ తొమ్మిది గంటలు ఊరిలో లేనివారికి ఆ నిర్ణయములో పాలు లేకపోయినది.

దున్నే దినాల్లో దేశం మీద పోయి, కోత దినాల్లో కొడవలి పట్టుకొని వచ్చినాడట అని మన పెద్దలొక సామెత చెప్పుదురు. సుగ్గికి పోవువాడు సోమరితనముచే పోవుట లేదు, కడుపు కొరకు పోవుచున్నాడు. అతనిని తప్పుపట్టుట ఈ వ్యాసము ఉద్దేశము గాదు. కాని వీధిదీపము వెలుగలేదని, కుళాయి రాలేదని, మురుగు కాలువ పూడినదని అయిదేండ్లపాటు అడుగవలసినవాడు విత్తు దినమున ఊరిలో నుండవలెను గదా. ఆ ఒక్క దినము ఏల విలువైనదో, దానిని నిలుపుకొను మార్గమేమో రైతు సోదరులకును, గ్రామోద్యోగులకును మనవి చేయుటకే ఈ నాలుగు మాటలు.

ఏ ఓటునకు ఎంత బరువు?

ఓటు అన్నచో మనవారికి ముందుగా శాసనసభ, పార్లమెంటు ఎన్నికలే మనసున మెదలును. ఆ ఎన్నికలలో లక్షల ఓట్లు పోలగును. అంత పెద్ద రాశిలో నా గింజ ఒకటి కలిసిననేమి, కలియకున్ననేమి అని కొందరందురు. ఆ మాటయు నిజము గాదు. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానమున లక్షల ఓట్లు పడి, గెలుపు తేలినది 9 ఓట్లతో. మన పొరుగు రాష్ట్రమగు కర్ణాటకలో 2004న సంతెమరహళ్ళి శాసనసభ స్థానమున ఒకరికి 40,752, రెండవవారికి 40,751 ఓట్లు వచ్చినవి. ఒక్క ఓటు తేడా.

లక్షలలోనే ఇట్లున్నప్పుడు పల్లె వార్డు మాట చెప్పనేల? లెక్క వేసి చూడుడు. ఒక వార్డులో 300 ఓట్లున్నవనుకొందము. అందు 80 మంది సుగ్గికి పోయిరి. మిగిలిన 220 మందిలో ముసలితనముచే కొందరు, మనకేల యని కొందరు రాక, 150 మంది ఓటు వేసిరి. ఇద్దరు పోటీలో నున్నచో 76 ఓట్లు వచ్చినవాడు మెంబరు. 300 మందికి అతడు మెంబరు, కాని అతనిని కోరినవారు నాలుగింట ఒక పాలు మాత్రమే. సుగ్గికి పోయిన 80 మంది ఒక్కమాటగా నుండి వచ్చియుండిన, గెలుపు ఎవరిదో వారే తేల్చియుందురు.

పంచాయతీ ఎన్నికలలో ఇరువురకు సమానముగా ఓట్లు వచ్చినచో చీటీ తీసి నిర్ణయింతురు. 2021లో మన రాష్ట్రమున ఒక్క ఓటుతో గెలిచిన సర్పంచులును గలరు, చీటీతో గెలిచినవారును గలరు. అట్టి ఊళ్ళలో ఆ దినమున ఇంట కూర్చున్న ప్రతివాడును తన ఊరి భాగ్యమును ఒక కాగితపు చీటీకి వదలినవాడే.

పంచాయతీ చేతిలో ఏమున్నది?

పూర్వము పల్లెలో రెడ్డి, కరణము మాటయే మాట. ఊరి మీద ఊరు పడినను కరణము మీద కాసు పడదని సామెత పుట్టినది అందుకే. ఆ ఉద్యోగములు తరతరముల హక్కుగా వచ్చునవి, వారిని ఎన్నుకొనుటకు గాని తీసివేయుటకు గాని రైతునకు వీలు లేదు. మన రాష్ట్రములో 1984లో ఆ వ్యవస్థ రద్దయినది.

ఎన్నికైన పంచాయతీల కథ వేరు. బల్వంతరాయ్ మెహతా సంఘము 1957లో ఇచ్చిన సలహాను అనుసరించి, 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌరులో నెహ్రూగారు పంచాయతీరాజ్యమును ప్రారంభించిరి. అదే నెలలో మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగరులో మన రాష్ట్రమునకు ఆ దీపము వెలిగించిరి. అయినను ఎన్నికలు ప్రభుత్వములకు తోచినప్పుడు జరుగుట, తోచనప్పుడు ఆగుట చాలకాలము సాగినది. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ఈ లోపమును సరిచేయ బూనినది. అయిదేండ్ల పదవీకాలము, గడువు ముగియక మునుపే ఎన్నిక, ఎన్నికలు జరుపుటకు ప్రత్యేక రాష్ట్ర ఎన్నికల సంఘము, షెడ్యూల్డు కులములకును తెగలకును స్త్రీలకును స్థానములు రాజ్యాంగములోనే చేరినవి. దానిని అనుసరించి మన రాష్ట్రములో 1994 పంచాయతీరాజ్ చట్టము వచ్చినది.

ఆ సవరణతో రాజ్యాంగమునకు చేర్చిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు గలవు. అందు మొదటిది ఏది? వ్యవసాయము, వ్యవసాయ విస్తరణ. రెండవది భూమి అభివృద్ధి, భూసార సంరక్షణ. మూడవది చిన్నతరహా నీటిపారుదల, నీటి యాజమాన్యము. నాలుగవది పశుపోషణ, పాడి, కోళ్ళు. రాజ్యాంగము రైతు పనిని పంచాయతీ పట్టికలో అన్నిటికన్న ముందు వ్రాసినది. ఈ విషయములన్నిటిపై అధికారము పూర్తిగా పల్లెలకు చేరలేదన్నమాట నిజమే. కాని చేరినదానిని వాడుకొననివారికి మిగిలినది అడుగు నోరు ఎట్లు వచ్చును?

చేరినది తక్కువేమియు గాదు. మంచినీరు, మురుగు కాలువలు, వీధిదీపములు, పారిశుద్ధ్యము, ఊరి దారులు, శ్మశానము పంచాయతీ చూడవలసిన పనులు. ఇంటిపన్ను, సంత వేలము, బందెలదొడ్డి, చెట్ల ఫలసాయము వంటివి దాని సొంత రాబడి. వీటికి తోడు కేంద్ర ఆర్థిక సంఘపు నిధులు నేరుగా పల్లెకు వచ్చును. 2021 నుండి 2026 వరకు గల అయిదేండ్లకు పదునైదవ ఆర్థిక సంఘము దేశములోని గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్ల రూపాయలు సిఫారసు చేసినది. అందు నూటికి 60 పాళ్ళు మంచినీటికిని, పారిశుద్ధ్యమునకును కేటాయించి, మిగిలిన 40 పాళ్ళు ఆ ఊరి అవసరమును బట్టి వాడుకొనుటకు విడిచిరి. ఆ అవసరమేమో చెప్పవలసినవాడు మనము ఎన్నుకొన్న సర్పంచి, మన వార్డు మెంబరు.

సి.బెళగల్ మండలమున గుండ్రేవుల వద్ద తుంగభద్రపై జలాశయము కట్టవలెనని ఈ ప్రాంతపు రైతులు చాలకాలముగా కోరుచున్నారు. అది రాష్ట్ర ప్రభుత్వము, పొరుగు రాష్ట్రములు కలిసి తేల్చవలసిన పెద్దపని. దానికి శాసనసభ ఓటు కావలెను. కాని వాన కురిసినప్పుడు వీధిలో నిలుచు నీరు, పొలము దారిలో బండి దిగబడు గుంత, వేసవిలో ఎండిపోవు పశువుల తొట్టి, వీనికి అమరావతికి పోనక్కరలేదు. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు. పంచాయతీ మన ఇల్లు.

పాలకవర్గము లేని కాలము

ఎన్నిక లేకున్న ఏమగునో మనకు అనుభవమే. 2013లో ఎన్నికైన పంచాయతీల గడువు 2018 ఆగస్టుతో ముగిసినది. వెంటనే ఎన్నికలు జరుగలేదు. 2020 మార్చిలో ప్రకటించిన స్థానిక ఎన్నికలు కరోనా కారణముగా నిలిచినవి. 2021 వరకు పల్లెలు ప్రత్యేకాధికారుల చేతిలో నుండినవి. ఒక్కొక్క అధికారికి తన ఉద్యోగపు పనులకు తోడు కొన్ని గ్రామముల భారము పడినది. వారెంత మంచివారైనను ఏ వీధిలో కుళాయి రాలేదో ఇంటింటికి తెలిసినట్లు వారికి తెలియదు.

డబ్బు సంగతి మరియు ముఖ్యము. ఆర్థిక సంఘపు నిధులు ఎన్నికైన పంచాయతీలకే గాని ఊరికే ఇచ్చునవి గావు. పాలకవర్గము లేనందున ఆ నిధులలో చాల భాగము రాక నిలిచినది. గడువు దాటిన చేజారునని ప్రభుత్వమే 2020లో ఎన్నికలు త్వరపెట్టుటకు కారణముగా చెప్పినది. బాలెటు పెట్టెకును, ఊరి కుళాయికిని ఇంత దగ్గరి సంబంధము గలదు.

రచ్చకట్ట మీది మాట

సుగ్గి దినములలో ఎన్నికలు వచ్చినచో మన పల్లెలలో ఇట్టి మాటలు వినబడును. ఇరువురు బంధువులు ఫోనులో మాటలాడుకొనుచున్నారనుకొందము. ఒకరు ఊరిలో, ఒకరు మిరప చేనిలో.

"చిన్నాయనా, ఓట్ల దినానికి వస్తావా?"

"యాడొచ్చేదిరా నాయనా! పోను రాను రెండు దినాల కూలి పోతాది. బస్సు చార్జీ వేరే. ఎవరు గెలిచినా మన ఇంటి ముందర బురద బురదే గదా."

"ఆ బురద తీయించేది ఎవరి పనో ఎరుకనా నీకు?"

"గవుర్మెంటుది."

"గవుర్మెంటు అంటే యాడో ఉండేది కాదు చిన్నాయనా. కాలువ తీయించేది పంచాయతీ. నువ్వు లేనప్పుడు గెలిచిన మెంబరు నీ వీధికి యాల వస్తాడు?"

"వాళ్ళే బండి పంపిస్తామంటాండారు లేరా. తిండి కూడా వాళ్ళదే."

"వాళ్ళ బండెక్కినాక, దిగేటప్పుడు మనకు నోరుంటాదా చిన్నాయనా?"

ఈ కడపటి ప్రశ్నకు చిన్నాయన వద్ద జవాబు లేదు. పోటీలోని వారు బండ్లు పంపి సుగ్గివారిని రప్పించుట పశ్చిమ కర్నూలు పల్లెలకు కొత్త గాదు. బండి పంపినవాడు అయిదేండ్లు గుర్తు పెట్టుకొనును. "నిన్ను తెచ్చినది నేను, తిండి పెట్టినది నేను, ఇంక కాలువ అడుగుటకు నీవెవరవు?" అని అతడు నోట అనకపోవచ్చును, మనసున అనుకొనును. అడుగ వలసినవాడును సిగ్గుతో తల వంచుకొనును.

కొన్న ఓటు, అమ్మిన విత్తనము

ఓటుకు డబ్బు ఇచ్చుట, పుచ్చుకొనుట నేరము. ఆ మాట అందరకు తెలిసినదే. రైతు కనుక నేరము మాట అటుంచి, లాభనష్టముల లెక్క చూతము.

ఒక ఓటుకు రెండువేల రూపాయలు పుచ్చుకొన్నారనుకొందము. అయిదేండ్లకు 1,825 దినములు. భాగించిన దినమునకు ఒక రూపాయి పది పైసలు. ఆ సొమ్మునకు అంగడిలో ఒక టీ యైనను రాదు. ఇచ్చినవాడు దానిని దానముగా ఇచ్చినాడా? కాదు, పెట్టుబడిగా పెట్టినాడు. పెట్టుబడి పెట్టినవాడు పంట తీసికొనక మానడు. సిమెంటు దారిలో ఇసుక పాలు ఎక్కువగును, కాలువ లోతు తక్కువగును. రెండు వానలకు దారి పగిలినప్పుడు, మనము పుచ్చుకొన్న సొమ్మే అచట పగుళ్ళై కనబడును.

కరువు ఏడాది గూడ రైతు విత్తనపు గింజను అమ్ముకొనడు, తినడు. పస్తుండియైనను గాదెలో దాచును. గింజ పోయినచో వచ్చు ఏడు పొలము బీడగునని అతనికి తెలియును. ఓటు అట్టి గింజ.

ఏకగ్రీవము ఎప్పుడు మంచిది?

"పోటీ వలన పగలు పెరుగును, ఊరంతయు ఒక్కటై ఒకరిని నిలుపుకొందము" అను మాట మంచిదే. ఇట్లు ఏకగ్రీవమైన పంచాయతీలకు ప్రభుత్వములు బహుమానములు ప్రకటించినవి. 2021 ఎన్నికలలో జనాభా 2,000 వరకు గల పంచాయతీకి 5 లక్షలు, 5,000 వరకు 10 లక్షలు, 10,000 వరకు 15 లక్షలు, ఆపైన 20 లక్షల రూపాయలు ఇత్తుమని చెప్పిరి.

ఇక్కడను లెక్క వేయవలెను. 4,000 జనాభా గల ఊరికి 10 లక్షలనిన తలకు 250 రూపాయలు, ఏడాదికి 50. ఊరు నిజముగా కూర్చుండి, అన్ని వీధులవారు మాటలాడి, అందరు మెచ్చిన మనిషిని నిలిపినచో ఆ సొమ్ము మేలుపై మేలు. అట్లుగాక నలుగురు పెద్దలు రాత్రి కూర్చుండి తేల్చినను, గుడి పేరిట పదవిని వేలము వేసి ఎక్కువ పాడినవానికి ఇచ్చినను, అది ఏకగ్రీవము గాదు. వేలములో పాడుటకు కూలివానికి సొమ్ము ఏది? సుగ్గిలో నున్నవానికి ఆ కబురైనను అందునా? దళితులకు, స్త్రీలకు కేటాయించిన స్థానమున ఎవరు నిలువవలెనో ఇతరులే నిర్ణయించినచో రాజ్యాంగము ఇచ్చిన స్థానము పేరునకే మిగులును.

ఒక గురుతు చెప్పెదము. ఊరిలో అందరికన్న బీదవాడు "నాకు ఇష్టము లేదు" అని ఆ సభలో భయము లేక చెప్పగలిగినచో అది ఏకగ్రీవము. చెప్పలేకపోయినచో బాలెటు పెట్టెయే మేలు. పెట్టెలో వేసిన కాగితము ఎవరిదో ఎవరికిని తెలియదు. బీదవానికి ఆ చాటే రక్ష.

ఇంటి ఆడవారి ఓటు

2013 ఎన్నికల నుండి మన రాష్ట్ర పంచాయతీలలో స్థానములలో సగము స్త్రీలవి. కాని ఓటు వేయునప్పుడు "ఇంటాయన చెప్పిన గుర్తుకు" అను మాట ఇంకను పోలేదు. బిందె పట్టుకొని నీటికి నడుచునది ఎవరు? వీధిదీపము లేని చీకటిలో దొడ్డి దారికి పోవలసినది ఎవరు? ఈ కష్టములు పడువారికే ఏ అభ్యర్థి మేలో ఎక్కువగా తెలియును. ఇంటిలో ముగ్గురు ఓటరులున్నచో ముగ్గురు వేరు వేరుగా ఆలోచించుట కలహము గాదు. గెలిచిన స్త్రీ సభ్యురాలి కుర్చీలో భర్త గాని మరిది గాని కూర్చుండుట ఆమెకు ఓటు వేసినవారందరను చిన్నబుచ్చుటయే.

విత్తుట ఓటు, కలుపు తీయుట గ్రామసభ

విత్తి ఇంటికి పోయినవానికి పంట రాదు. కలుపు తీయవలెను. ఓటు వేసిన తరువాత కలుపు తీయు పనిముట్టు గ్రామసభ. ఊరి ఓటరులందరును దానికి సభ్యులే, ఎన్నిక అక్కరలేదు. లెక్కలు అడుగవచ్చును, పనులు కోరవచ్చును. 2024 ఆగస్టు 23న రాష్ట్రములోని 13,326 పంచాయతీలలో ఒక్క దినమున గ్రామసభలు జరిపి ఉపాధి పనుల ప్రణాళికలు ముందుంచిరి.

సుగ్గికిని గ్రామసభకును సంబంధము ఇచటనే గలదు. 2005 ఉపాధి హామీ చట్టము 2006 ఫిబ్రవరి 2న మన పొరుగు అనంతపురము జిల్లా బండ్లపల్లెలో మొదలైనది. ఆ చట్టము ప్రకారము పనుల విలువలో సగమునకు తక్కువ గాకుండ గ్రామ పంచాయతీ ద్వారానే జరుగవలెను. ఏ పని ముందు, ఏది వెనుక అనునది గ్రామసభ మాట. ఆ చట్టమునకు బదులుగా 2025 డిసెంబరులో పార్లమెంటు చేసిన కొత్త చట్టమును పనుల ప్రణాళికను పంచాయతీ నుండియే ఆరంభించుచున్నది. నీటి కుంటలు, గట్లు, వంకల పూడికతీత వంటి పనులు మెట్ట పల్లెలో మాఘ ఫాల్గుణములలో దొరికినచో కొన్ని కుటుంబములైనను సుగ్గికి పోనక్కరలేదు. దొరకకున్నచో పోవలెను. ఆ పనులు సకాలములో అడిగి పెట్టించు సర్పంచి కావలెనా, పేర్లు వ్రాసికొని ఊరకుండు సర్పంచి కావలెనా? ఈ ప్రశ్నకు జవాబిచ్చు దినమే ఎన్నికల దినము. చూడుడు, సుగ్గిలో నున్నందున ఎవని ఓటు పోవునో, సుగ్గి తప్పించు పనిని ఎన్నుకొనవలసినవాడును వాడే.

రైతు చేతిలో మరియొక ఓటు

కాలువ క్రింది రైతులకు పంచాయతీ ఓటు గాక నీటి వినియోగదారుల సంఘపు ఓటు గలదు. మన రాష్ట్రములో 1997లో రైతుల చేతికి కాలువల నిర్వహణ నిచ్చు చట్టము చేసి ఆ యేడే ఎన్నికలు జరిపిరి. నడుమ ఏండ్ల తరబడి ఈ సంఘములు నడువని కాలములు గూడ గలవు. 2024 డిసెంబరులో మరల రాష్ట్రమంతట వానికి ఎన్నికలు జరిగినవి. పశ్చిమ కర్నూలునకు నీరిచ్చు తుంగభద్ర దిగువ కాలువ కర్ణాటక మీదుగా చాల దూరము వచ్చును. తలాపున నీరు, చివరన చూపు అన్నట్లుండును. పిల్లకాలువ పూడిక, తూము మరమ్మతు, వంతులు, ఇవి చివరి పొలముల వారికి ప్రాణసమానములు. చివరి పొలములవారు సంఘపు ఎన్నికకు పోక, తలాపువారే సంఘమైనచో, నీరు ఎచట ఆగునో చెప్పనక్కరలేదు.

ఏమి చేయవలెను?

1. సుగ్గికి బయలుదేరక మునుపే పంచాయతీ కార్యాలయమున ఓటర్ల జాబితా చూచి, ఇంటిలోని అందరి పేర్లును, వార్డు సంఖ్యయు సరిచూచుకొనవలెను. పంచాయతీ జాబితా శాసనసభ జాబితా నుండియే తయారగును. అందు లేని పేరు ఇందు రాదు.

2. పదునెనిమిదేండ్లు నిండిన పిల్లలకు ఫారము 6, చిరునామా మార్పునకును తప్పుల దిద్దుబాటునకును ఫారము 8 బూత్ స్థాయి అధికారికి ఇవ్వవలెను. 2022 నుండి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటవ తేదీలు నాలుగును అర్హత తేదీలే. ఎన్నిక వచ్చిన తరువాత చూతమని ఆగరాదు. 2021 పంచాయతీ ఎన్నికలు 2019 నాటి జాబితాతో జరిగినందున ఆ నడుమ వయసు వచ్చిన యువకులు ఓటు వేయలేకపోయిరి.

3. మేస్త్రీ వద్ద బయానా తీసికొనునప్పుడే, "ఎన్నికలు పడినచో రెండు దినములు ఊరికి పోయివత్తుము" అని మాట తీసికొనవలెను. ముందు చెప్పిన మాట చెల్లును, నడుమ చెప్పినది చెల్లదు.

4. ఒక గుంపువారు తలా కొంత వేసికొని తమ ఖర్చుతోనే బండి మాటలాడుకొనవలెను. అభ్యర్థి బండి ఎక్కరాదు. ఓటరు గుర్తింపు కార్డును, ఆధారును ఊరి పెట్టెలో మరచిపోక వెంట నుంచుకొనవలెను.

5. సర్పంచికి ఒక బాలెటు, వార్డు మెంబరునకు ఒక బాలెటు ఇత్తురు. రెండును జాగ్రత్తగా ముద్ర వేయవలెను. రెండు గుర్తుల నడుమ పడిన ముద్ర చెల్లని ఓటగును.

6. ఓటు అడుగ వచ్చినవానిని మూడు ప్రశ్నలు అడుగవలెను. మన వీధికి నీరు ఎట్లు తెత్తువు? గ్రామసభ ఎప్పుడెప్పుడు పెట్టుదువు? లెక్కలు గోడ మీద వ్రాయింతువా?

గ్రామోద్యోగులకు మనవి

పంచాయతీ కార్యదర్శులకును, గ్రామ రెవెన్యూ అధికారులకును, బూత్ స్థాయి అధికారులకును ఒక మాట. తాళము వేసిన ఇల్లు కనబడగానే "వలస పోయినారు" అని పేరు కొట్టివేయరాదు. తాత్కాలికముగా ఊరు విడిచినంత మాత్రమున మనిషి ఆ ఊరి నివాసి గాకపోడని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టము స్పష్టముగా చెప్పుచున్నది. సుగ్గికి పోవువాడు ఆ ఊరివాడే. అతని పొలము, ఇల్లు, ముసలి తల్లి అచటనే గలరు. ఇరుగు పొరుగును విచారించి వ్రాయవలెను.

జాబితా ముసాయిదా అంటించిన దినమున గోడకు అంటించి ఊరకుండక దండోరా వేయించుడు. పదిమంది చేరు గుడి వద్ద, రచ్చకట్ట వద్ద పేర్లు చదివి వినిపించుడు. చదువురానివారికి గోడ మీది కాగితము కాగితమే గాని జాబితా గాదు. సుగ్గి గుంపులు కదలకముందు మార్గశిర మాసముననే ఈ పని జరిపినచో సగము చిక్కులు తీరును.

రైతు సోదరులారా, వాన మన చేతిలో లేదు. ధర మన చేతిలో లేదు. ఆదోని మార్కెట్టులో ప్రత్తి ధర ఎవరు పలుకుదురో మనకు తెలియదు. అయిదేండ్లకొకసారి ఊరి బడిలో బాలెటు కాగితము మాత్రము మన చేతికి వచ్చును. సుగ్గికి పోయినను, మిరప చేనిలో నున్నను, మన ఓటు మన పల్లెలోనే మన కొరకు కాచుకొని యుండును. ఆ దినమునకు ఇంటికి వచ్చి, మన చేతితో మనమే దానిని వేసికొందము. ఆ మరుసటి దినము బస్సెక్కి మరల పనికి పోయినను, బురద తీయింపుమని అడుగు హక్కు అయిదేండ్లు మన వెంట నుండును.